ఎయిర్ ఫ్లో సెన్సార్ ఇంట్లోనే క్లీన్ చేసుకోవచ్చా?

కొరిటెపాడు డీజిల్:
అన్నలూ, నాది 2014 డీజిల్ స్విఫ్ట్. ఈ మధ్య పికప్ బాగా పడిపోయింది. మంగళగిరి దగ్గర హైవే మీద లారీని దాటుదామంటే ఎంత తొక్కినా లేవడం లేదు, పైగా వెనక నల్లపొగ. ఎయిర్ ఫ్లో సెన్సార్ పోయింది, కొత్తది వేయాల్సిందేనంటున్నాడు మెకానిక్. కార్బురేటర్ స్ప్రే కొట్టి బ్రష్షుతో తుడిస్తే చాలంటున్నాడు మా బావ. ఎవరి మాట వినాలి?

ఏలూరు రోడ్డు:
సెన్సార్ కప్లర్, అంటే వైర్లు తగిలించే ప్లగ్గు, పీకి ఓ రౌండ్ వేసి చూడండి. పికప్ మెరుగైతే సెన్సార్ మీద అనుమానపడాల్సిందే. చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంది, టెన్షన్ పడకండి.

ఆటోనగర్ స్పేర్స్:
మీ బావ చేతికి బ్రష్షు మాత్రం ఇవ్వకు తమ్ముడూ. సెన్సార్ లోపల వేడెక్కే సన్నటి తీగో, పల్చటి ఫిల్మో ఉంటుంది. వేలు తగిలినా పాడవుతుంది. లోపలికి పోయే గాలి దాన్ని ఎంత చల్లారుస్తుందో చూసి, గాలి ఎంతో లెక్క కడుతుంది. దుమ్ము పట్టిందంటే సాధారణంగా గాలిని తక్కువ చూపిస్తుంది. డీజిల్ బండిలో అప్పుడు ఇంజిన్ కంప్యూటర్ డీజిల్ కూడా తగ్గిస్తుంది. అంటే పికప్ పోతుంది కానీ, పొగ పెద్దగా రాదు. నీకు నల్లపొగ వస్తోందంటే నా అనుమానం ఇంజిన్‌లోకి గాలిని నెట్టే టర్బో పైపుల మీద. సెన్సార్ లెక్కపెట్టిన గాలి దారిలోనే లీకైపోతే మిగిలేది పొగే. ఆ గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ పైపుల జాయింట్ల దగ్గర తడిమి చూడు, తొక్కినప్పుడు బుస్సుమంటుందేమో విను.

క్లీనింగ్ అంటావా, సెన్సార్ కోసమే అమ్మే మాస్ ఎయిర్ ఫ్లో క్లీనర్ తెచ్చుకో. కార్బురేటర్ స్ప్రే వద్దు, ప్లాస్టిక్‌ను తినొచ్చు, జిడ్డు కూడా మిగలొచ్చు. ఇంజిన్ చల్లారాక బ్యాటరీ మైనస్ తీసి, కప్లర్ లాక్ నొక్కి మెల్లగా లాగు. పాత ప్లాస్టిక్ కదా, పుటుక్కున విరుగుతుంది. కాస్త దూరం నుంచి స్ప్రే కొట్టి, దానంతటదే ఆరేదాకా వదిలెయ్. కంప్రెసర్ గాలి కొట్టకు. ఎయిర్ ఫిల్టర్ కూడా చూడు. మిర్చి యార్డు వైపు దుమ్ములో తిరిగే బండైతే మాన్యువల్‌లో చెప్పిన కిలోమీటర్ల దాకా ఆగక్కర్లేదు, ముందే మార్చెయ్.

కొరిటెపాడు డీజిల్:
చూశానన్నా. కింది పైపు క్లిప్పు దగ్గర నల్లగా ఆయిల్ జిడ్డు ఉంది. సెన్సార్ స్క్రూలేమో స్టార్ టైపు, మధ్యలో చిన్న మేకులా ఉంది. నా దగ్గరున్న బిట్టు దిగడం లేదు.

ఆటోనగర్ స్పేర్స్:
మధ్యలో చిల్లున్న స్టార్ బిట్టు కావాలి. కటింగ్ ప్లేయర్‌తో తిప్పావంటే తల అరిగిపోతుంది. ఎలాగూ ముందు పైపు సంగతి చూడాలిగా, దాన్ని విప్పి లోపలి మడతల్లో చీలిక ఉందేమో చూడు. కాస్త ఆయిల్ తడి మామూలే, చీలిక ఉంటే మాత్రం ఎంసీల్ పూయకు, కొత్త పైపు వేయించు. క్లిప్పు కూడా మార్చు.