హాకుది ప్రేమా, బానిసత్వమా? మా ఇంట్లో తెగని వాదన

మడివాళ అమ్మ:

మా అమ్మాయికి 14 ఏళ్లు. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని కేటీపీఓ ఎగ్జిబిషన్ హాల్లో కామిక్ కాన్, అంటే కామిక్స్, కార్టూన్ అభిమానుల సంబరం జరిగినప్పుడు, 'నరుటో' అనే జపాన్ యానిమేషన్ సిరీస్‌లోని హాకు వేషం వేసుకుని వెళ్తానంది. తెల్ల ముసుగు అట్టముక్కతో ఇద్దరం కలిసే చేశాం, ఎర్ర గీతలు తనే వేసుకుంది. తిరిగి వస్తూ మెట్రోలో అడిగాను, ఇంతమంది ఉండగా హాకే ఎందుకని. "అంత నిజమైన ప్రేమ ఇంకెవరికీ లేదమ్మా. ఒక్కసారి కూడా ఎందుకు అని అడగలేదు" అంది. ఆ చివరి మాట విన్నప్పటి నుంచి నాకు మనసు కుదురుగా లేదు.

చూడనివాళ్ల కోసం కథ కొంచెం చెప్తాను. హాకు పుట్టిన దేశంలో అంతర్యుద్ధాల తర్వాత వంశపారంపర్యంగా శక్తులున్న వాళ్లంటే జనానికి భయం, ద్వేషం. భార్యకు, కొడుక్కు ఆ శక్తి ఉందని తెలిసి తండ్రే తల్లిని చంపేస్తాడు, పిల్లాణ్ణి కూడా చంపబోతాడు. ప్రాణభయంలో పిల్లాడి శక్తి బయటికొచ్చి తండ్రి చనిపోతాడు. వీధిన పడ్డ ఆ పిల్లాడు మంచులో ఒక వంతెన మీద కూర్చుని ఉంటే జబుజా అనే హంతకుడు చూసి వెంట తీసుకెళ్తాడు. పెంచుతాడు, యుద్ధం నేర్పుతాడు. కొడుకుగా కాదు, ఆయుధంగా. ఆ మాట దాచిపెట్టడు కూడా, ముఖం మీదే చెప్తాడు.

చివరి పోరాటంలో కథానాయకుడు నరుటో చేతిలో ఓడిపోయాక హాకు "నన్ను చంపెయ్" అని అడుగుతాడు. విరిగిన ఆయుధం జబుజాకు పనికిరాదు కదా, అందుకు. కాసేపటికి నరుటో గురువు కకాషి దెబ్బ జబుజాకు తగలబోతుంటే మధ్యలోకి దూకి తన గుండె అడ్డం పెడతాడు. అప్పుడు జబుజా చేసింది ఏమిటంటే, హాకు శరీరంతో సహా కకాషిని నరకడానికి కత్తి ఎత్తడం. హాకు వయసు అప్పటికి 15.

దీన్ని ప్రేమ అని నేను అనలేను. కొట్టి చేయించుకుంటే పిల్లలకు ఎప్పుడో ఒకప్పుడు కోపం వస్తుంది, తిరగబడతారు. అన్నం పెట్టి, "నువ్వు నాకు అవసరం" అని చెప్పి చేయించుకుంటే కృతజ్ఞత వస్తుంది. దానికి ఎదురు తిరగడం పిల్లలకు చేతకాదు. మీరేమంటారు? మా అమ్మాయి కూడా చదువుతుంది, కాబట్టి నేను చెప్పానని ఒప్పుకోకండి, నిజంగా అనిపించింది రాయండి.

పెనుకొండ కుర్రాడు:

అక్కా, మీతో నేను ఒప్పుకోను. సిటీలో ఈ మధ్య ఏ బంధాన్ని చూసినా టాక్సిక్ అనేస్తున్నారు. ఊరు ఊరంతా చావమన్న పిల్లాడు వాడు. కన్నతండ్రే చంపబోయాడు. నువ్వు బతకాలి అన్నవాడు భూమ్మీద ఒక్కడే. ఆ ఒక్కడి కోసం ప్రాణమిస్తే అది బానిసత్వమా? మా వైపు దాన్ని ఉప్పు తిన్న విశ్వాసం అంటారు.

కర్ణుణ్ణి చూడండి. సభలో అందరూ కులం అడిగిన రోజు అంగరాజ్యం ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నది దుర్యోధనుడు. యుద్ధానికి ముందు కృష్ణుడు వచ్చి నువ్వు పాండవుల అన్నవి, రాజ్యం నీదే అన్నా కర్ణుడు కదల్లేదు. మన నాటకాల్లో, సినిమాల్లో ఆ ఘట్టానికి చప్పట్లు కొట్టని వాళ్లున్నారా? హాకు కర్ణుడి తమ్ముడు లాంటివాడు.

ఇంకో సంగతి. జబుజా చివర్లో ఏడుస్తాడు. నరుటో తిట్టిన మాటలకు తట్టుకోలేక, రెండు చేతులూ పనిచేయని స్థితిలో నోటితో కత్తి పట్టుకుని గాటో అనే ఆ డబ్బున్న దుర్మార్గుణ్ణి చంపి, నన్ను హాకు పక్కన పడుకోబెట్టమని అడుగుతాడు. ప్రేమ లేకపోతే ఆ మాట ఎక్కణ్ణుంచి వస్తుంది?

మా చిన్నాయన మా ప్రాంతంలో ఒక పెద్దాయనకు ఇరవై ఏళ్లు అనుచరుడు. ఆయన పేరు చెప్పను. చిన్నాయన గురించి "వాడు మనిషి కాదు, ఆయన చెయ్యి" అని ఊళ్లో గౌరవంగానే చెప్పుకునేవాళ్లు. నేను ఆ గౌరవం చూస్తూ పెరిగాను.

తొలి బెంచి:

జబుజా గురించి ఒక్క సంగతి మర్చిపోతున్నారు. అతని ఊళ్లో యుద్ధవిద్య పరీక్ష పాసవ్వాలంటే తోటి పిల్లల్ని చంపాలి. ఆ ఏడాది విద్యార్థి కూడా కాని పిల్లాడు జబుజా వెళ్లి వందమందికి పైగా చంపేశాడు. అంటే అతన్ని కూడా ఎవరో ఆయుధంగానే తయారు చేశారు. ఆయుధం ఇంకో ఆయుధాన్ని తయారు చేసింది. తప్పు ఊరిది, మొదట దాని గురించి మాట్లాడాలి.

రాత్రి షిఫ్ట్:

చిన్నాయన సంగతి చదివాక రాయకుండా ఉండలేకపోతున్నాను. "ఆయన చెయ్యి" అని మనిషిని పిలవడం గౌరవమెలా అవుతుందండీ? చెయ్యికి నోరుండదు కదా.

నాకు హాకు కంటే 'అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్'లో టై లీ ఎక్కువ గుర్తొస్తుంది. అజులా రాజకుమార్తె. టై లీ చిన్నప్పటి స్నేహితురాలు, సర్కస్‌లో సంతోషంగా ఉంది. అజులా వచ్చి నాతో యుద్ధానికి రా అంటుంది. టై లీ చాలా మర్యాదగా, ఇక్కడే బాగుంది, రాలేను అంటుంది. అజులాకు కోపం రాదు. సరే, ఈ రాత్రి నీ ఆట చూసే వెళ్తాను అంటుంది. ఆట మొదలయ్యాక టై లీ పైన తాడు మీద ఉండగా కింద వలకు నిప్పు పెట్టిస్తుంది, క్రూరమృగాల్ని వదలమంటుంది. ఆట అయ్యాక టై లీ నవ్వుతూనే నేనూ వస్తానంటుంది.

చిన్నపిల్లల కార్టూన్‌లో అధికారాన్ని ఇంత సూటిగా చూపించడం నేను ఇంకెక్కడా చూడలేదు. బెదిరింపు అన్న మాటే లేదు. ఆ తర్వాత మై అనే ఇంకో అమ్మాయి కూడా కలుస్తుంది, చూసేవాళ్లకు ముగ్గురూ స్నేహితులే. జోకులు వేసుకుంటారు, సముద్రం ఒడ్డుకు వెళ్తారు.

నేను ఇక్కడ ఒక చిన్న కంపెనీలో నాలుగేళ్లు చేశాను. మొదట ఆరుగురమే. పెట్టినాయన "మనమంతా ఒక ఫ్యామిలీ" అనేవారు, నిజంగానే ఇంటికి పిలిచి భోజనం పెట్టేవారు. ఆయన కోసం రాత్రిళ్లు ఆఫీసులోనే పడుకున్నాను, ఎవరూ అడగకుండానే. నాన్నకు గుండె ఆపరేషన్ అయినప్పుడు మొదటిసారి, ఈ రిలీజ్‌కి నేను ఉండలేను, నెల్లూరు వెళ్లాలి అన్నాను. "అయ్యో, వెంటనే వెళ్లు" అన్నారు, భుజం తట్టారు కూడా. వారం తర్వాత వచ్చేసరికి నా పని మొత్తం ఇంకొకరికి ఇచ్చేశారు. ఎవరూ ఏమీ అనలేదు. నా పేరు మీటింగుల్లోంచి పోయింది, అంతే. ఆ రోజు నాకు ఆ వల గుర్తొచ్చింది. అంతకుముందు నాలుగేళ్లలో నేను చూపించిన విశ్వాసంలో నా ఇష్టమెంత, భయమెంత అనేది ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

జయనగర్ నాలుగో బ్లాక్:

మంచి ఉదాహరణ కూడా ఒకటి ఉండాలి కదా. 2009లో వచ్చిన జపాన్ యానిమేషన్ సిరీస్ 'ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్: బ్రదర్‌హుడ్'లో రిజా హాక్‌ఐ, రాయ్ మస్టాంగ్. ఆయన అధికారి, ఆమె అంగరక్షకురాలు. మస్టాంగే ఆమెతో అంటాడు, నా వెనక నిలబడు, నేను దారి తప్పితే వెనక నుంచి కాల్చెయ్ అని. పైనున్నవాడు తన ప్రాణాన్ని కిందున్న వాళ్ల చేతిలో పెట్టాడు. నిష్ఠ అంటే నా దృష్టిలో ఇదే. స్నేహితుణ్ణి చంపినవాడి మీద పగతో మస్టాంగ్ పిచ్చెక్కిపోయినప్పుడు ఆమె నిజంగానే తుపాకీ గురిపెడుతుంది కూడా.

మడివాళ అమ్మ:

అందరివీ రెండేసిసార్లు చదివాను. రిజా సంగతి నేనూ ఒప్పుకునేదాన్నే, కానీ తుపాకీ గురిపెట్టిన ఆ ఘట్టం చివరిదాకా చూడండి. నన్ను కాల్చాక నువ్వేం చేస్తావని మస్టాంగ్ అడిగితే, ఒక్కదాన్నే హాయిగా బతకాలన్న ఉద్దేశం నాకు లేదు, ఈ పోరాటం అయ్యాక నా శరీరాన్ని కూడా లేకుండా చేసుకుంటాను అంటుంది. ఆమె తండ్రి కనిపెట్టిన, మస్టాంగ్ వాడే అగ్నివిద్య రహస్యం ఆమె వీపు మీదే పచ్చబొట్టుగా ఉంది మరి. ఆయన లేకపోతే ఆమె కూడా ఉండదట. మస్టాంగ్ ఆగింది ఆమెను పోగొట్టుకోలేక. అందంగా ఉంది, నాకు కళ్లనీళ్లు వచ్చాయి. అయినా మా అమ్మాయి రేపు ఎవరి గురించైనా అలా మాట్లాడితే నేను భరించలేను. ఒక్క తేడా మాత్రం గట్టిగా చెప్పొచ్చు. రిజా కాదు అనగలదు, అన్నా ఆయన ఆమెను శిక్షించడు.

నేను చూసేది అదేనండీ. కిందివాడు ఎంత త్యాగం చేశాడన్నది కాదు. కిందివాడు కాదన్న రోజు పైవాడు ఏం చేస్తాడు? అదే 'అవతార్'లో 2008లో వచ్చిన జైలు ఎపిసోడ్ ఉంది. ఆ మూడో స్నేహితురాలు మై మొదటిసారి అజులాకు ఎదురు తిరిగి, అజులా అన్న జూకోను కాపాడుతుంది. నీ మీద భయం కంటే అతని మీద ప్రేమే ఎక్కువ అని మొహం మీదే చెప్తుంది. అజులా కొట్టబోతే టై లీ, ఆ వల కాలిన టై లీనే, అజులా నరాల మీద కొట్టి పడేస్తుంది. ఇద్దరూ జైలుకెళ్తారు. కాదంటే ఎంత ఖరీదో అక్కడ తెలిసిపోయింది. ఆ తర్వాత అజులా ఎవర్నీ నమ్మలేక, చెర్రీలో గింజ వచ్చిందని పనిమనిషిని కూడా దేశం నుంచి వెళ్లగొడుతుంది. చుట్టూ ఉన్నవాళ్లు ప్రేమతో ఉన్నారో భయంతో ఉన్నారో ఆమెకూ ఎప్పుడూ తెలియలేదు.

తమ్ముడూ, కర్ణుడి గురించి. కర్ణుడికి అవతలి దారి చూపించారు. రాజ్యం, తమ్ముళ్లు, అన్నీ ఎదురుగా పెట్టారు. పెద్దవాడై, నిజం తెలిసి, ఓడిపోతామని తెలిసి కాదన్నాడు. హాకుకు ఎవరు చూపించారు? పైగా కర్ణుడి నిష్ఠ అంత స్వచ్ఛంగా కూడా లేదు. ద్రౌపదిని సభకు ఈడ్చిన రోజు అతను ఆపలేదు, ఇంకా నాలుగు మాటలు ఎగదోశాడు. నాకు కుంభకర్ణుడి మీదే గౌరవం ఎక్కువ. చేసింది తప్పని అన్న రావణుడి ముఖం మీదే చెప్పి, ఆ తర్వాతే యుద్ధానికి వెళ్లాడు. జపాన్‌వాళ్లూ మనవాళ్లూ కలిసి చేసిన రామాయణ యానిమేషన్ 2025 జనవరిలో తెలుగులో కూడా థియేటర్లకు వచ్చినప్పుడు ఇక్కడే చూశాం. ఇంటికొచ్చాక విభీషణుడు, కుంభకర్ణుడు ఇద్దరిలో ఎవరు సరైనవాళ్లని రాత్రి పదకొండు దాకా కొట్టుకున్నాం.

ఇక మా అమ్మాయి నిన్న నా నోరు మూయించింది. అది కూడా రాయాలి. "అమ్మా, సాసుకే ఎందుకు బతికాడు?" అంది. సాసుకే నరుటో జట్టువాడు. హాకు సూదులు అతని ఒళ్లంతా గుచ్చుకుంటాయి, అందరం చచ్చిపోయాడనుకుంటాం, తర్వాత లేస్తాడు. మొదటి పోరాటంలో జబుజాను తప్పించడానికి హాకు మెడలో సూదులు గుచ్చి చనిపోయినట్టు పడుకోబెట్టింది కూడా ఈ విద్యతోనే. ప్రాణం ఎక్కడ పోతుందో, ఎక్కడ పోదో అతనికి తెలుసు. అంటే పొరపాటు కాదు, చంపడం ఇష్టం లేక వదిలేశాడు. "నువ్వు కాదనలేదు అంటున్నావు. చేతులతో కాదన్నాడు కదమ్మా. నేను ప్రేమించేది ఆ హాకునే" అంది. ఎందుకని అడగలేదు కాబట్టే ఇష్టమన్న పిల్ల ఈ మాట ఎలా అందో అనుకున్నాను. దానికి నా దగ్గర జవాబు లేదు. ఒక్కటే బాధ. ఆ కాదనడం జబుజాకు తెలియకుండా, సూది మొన మీద దాచుకోవాల్సి వచ్చింది. నోటితో అని ఉంటే ఏమయ్యేది?

తొలి బెంచి గారూ, ఊరిది తప్పన్నది నిజం. కానీ అదే ఊళ్లో చెడిపోయినవాడు వంతెన మీద పిల్లాణ్ణి చూసి కొడుకు అనుకోవచ్చు, ఆయుధం అనుకోవచ్చు. ఆ ఎంపిక ఊరు చేయలేదు.

జయనగర్ నాలుగో బ్లాక్:

రిజా చివరి మాటలు నేను అంత పట్టించుకోలేదు, మళ్లీ చూశాను. మీరన్నది ఉంది. కానీ తర్వాత మస్టాంగ్ చూపు పోయినప్పుడు ఆమె అతని కళ్లయి దారి చూపిస్తుంది, పని చేస్తూ బతుకుతుంది. నేను దాన్నే పట్టుకుంటాను.

పెనుకొండ కుర్రాడు:

అక్కా, కర్ణుడి విషయంలో నా మాట మార్చుకోలేదు. కానీ మీ ప్రశ్న వదల్లేదు. ఆదివారం ఊరికి వెళ్లాను, ఇక్కణ్ణుంచి మూడు గంటలు కూడా పట్టదు. చిన్నాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నువ్వెప్పుడైనా ఆయనకు కాదు అన్నావా అని అడిగాను. కథలన్నీ చెప్పే మనిషి చాలాసేపు మాట్లాడలేదు. ఒకసారి అన్నాను అన్నాడు. ఒక ఇంటి మీదికి వెళ్లమంటే, ఆ ఇంట్లో పసిబిడ్డ ఉందని వెళ్లలేదంట. పెద్దాయన ఏమీ అనలేదంట. మూడు నెలలు మా ఇంటికి బియ్యం రాలేదు, పిన్నమ్మ పుట్టింటికి వెళ్లి తెచ్చుకుంది. ఈ సంగతి మా నాన్నకు కూడా ఇన్నేళ్లూ తెలియదు.

మరి తర్వాత ఎందుకు వెళ్లావు ఆయన దగ్గరికి అన్నాను. "ఆయన పోయినప్పుడు పాడె మోసింది నేనేరా" అన్నాడు, గర్వంగానే. అని లేచి గొడ్లకు నీళ్లు పెట్టడానికి పోయాడు.