నిరాశ్రయుల షెల్టర్ మరమ్మతు: తాళం వేసి చేయాలా, మనుషులుండగానే విడతలుగా చేయాలా?

టేపుకొలత:
నగరపాలక సంస్థ నడిపే షెల్టర్ ఒకటి మరమ్మతుకు వచ్చిందనుకోండి. మూడంతస్తులు, 40 ఏళ్లు దాటిన ఆర్‌సీసీ కట్టడం. అంతస్తుకు 120 చదరపు మీటర్ల హాలు, అందులో 32 మంచాలు, హాలు చివర బాత్‌రూములు. స్లాబు అడుగున పెచ్చులూడుతున్నాయి, బాత్‌రూముల కింద సీలింగ్ ఎప్పుడూ తడే, వైరింగ్ పాతది. ఎస్టిమేట్లలో మామూలుగా కనిపించే మాట “వసతికి ఆటంకం లేకుండా అంతస్తు తర్వాత అంతస్తు”. రెండో పక్షం ఏమో అందర్నీ ఖాళీ చేయించి ఒకేసారి ముగించాలంటుంది. నా మొగ్గు విడతల వైపే. కాదనేవాళ్లు పని లెక్క చెప్పి కాదనండి, నినాదాలు వద్దు.

స్లాబ్_మేస్త్రీ:
ఖాళీ చేయించాల్సిందే. పెచ్చులూడిన చోట సిమెంటు మెత్తేస్తే అది మరమ్మతు కాదు, ఏడాది తిరక్కుండా మళ్లీ ఊడుతుంది. స్లాబు అడుగంతా సుత్తితో తట్టుకుంటూ పోవాలి. డొల్ల చప్పుడు వచ్చినచోటల్లా సుద్దతో గీసి, ఆ గీత దాటి గట్టి కాంక్రీటు తగిలేదాకా కొట్టేయాలి. తుప్పు పట్టిన కడ్డీ వెనక కూడా వేలు దూరాలి, అంటే సుమారు 20 ఎం.ఎం. అంత ఖాళీ లేకపోతే కొత్త మోర్టారు కడ్డీని చుట్టి పట్టుకోదు. తర్వాత కడ్డీ తళతళలాడేదాకా వైరు బ్రష్‌తో రుద్ది, జింక్ ప్రైమర్ వేసి, పాలిమర్ మోర్టారు పొరలు పొరలుగా ఎక్కించాలి. కడ్డీని తుప్పు నాలుగో వంతు తినేస్తే పక్కన కొత్త కడ్డీ కట్టాలి.

ఇదంతా అయ్యేదాకా కింద స్లాబుకు ఊతంగా నిలబెట్టే జాకీలు ఉండాలి. రెండు జాకీల మధ్య మంచం వేసి మనిషిని పడుకోబెడతారా? పైగా ఒక హాల్లో బ్రేకర్ (కాంక్రీటు పగలగొట్టే మిషన్) పెడితే ఆ అదురు అక్కడితో ఆగదు. కింది హాలు సీలింగ్‌లో సగం ఊడి వేలాడుతున్న పెచ్చులు కూడా రాలతాయి.

రాత్రి_కాపలా:
మేస్త్రీ గారూ, జాకీల సంగతి నిజమే. కానీ 96 మందీ ఎక్కడికి వెళ్లాలి? ఇంకో భవనం చేతిలో లేకుండా తాళం వేస్తే వాళ్లు ఫుట్‌పాత్ మీదికే. టీబీ మందులు వాడుతున్నవాళ్లు చెదిరిపోతే కోర్సు తెగిపోతుంది, తెగితే జబ్బు మందుకు లొంగని రూపంలో తిరగబడే ప్రమాదం ఉంది. గుర్తింపు కాగితాలు లాకర్లో పెట్టుకున్నవాళ్ల సంగతి సరేసరి.

పాత స్లాబు విప్పాక ఎస్టిమేట్‌లో లేని పని బయటపడటం ఖాయం. రివైజ్డ్ ఎస్టిమేట్ వేస్తారు, ఫైలు ఎక్కడో ఆగుతుంది. లోపల మనుషులుంటే ఆ ఫైలును తరిమేవాళ్లు ఉంటారు. ఖాళీ భవనం ఫైలును ఎవరూ అడగరు.

పైపుల_లెక్క:
ఇద్దరూ అంతస్తుల లెక్కన వాదిస్తున్నారు. పైపు మాత్రం నిలువుగా దిగుతుంది. మూడు బాత్‌రూములకూ డౌన్ పైపు ఒకటే అయితే, అంతస్తు తర్వాత అంతస్తు అన్న మాట కాగితం వరకే.

ఎలా చెడుతుందో చూడండి. మొదటి విడతలో పై బాత్‌రూము కొత్తది చేసి, కొత్త పీవీసీ ఫిట్టింగును పాత కాస్ట్ ఐరన్ పైపుకు అతికిస్తారు. మూడో విడతలో కింద పాత పైపు కోయగానే పైన ఉన్న ఆ అతుకు కదులుతుంది. బిల్లు అయిపోయిన బాత్‌రూము కారడం మొదలుపెడుతుంది, పైవాడు కిందవాణ్ణి అంటాడు, కిందవాడు పైవాణ్ణి.

కాబట్టి బాత్‌రూములు మూడూ ఒకే విడత, అదీ మొదటి విడత. వాటికి ముందే ఆవరణలో తాత్కాలిక టాయిలెట్లు నడుస్తూ ఉండాలి. సహాయ శిబిరాలకు ప్రపంచమంతా వాడే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం 20 మందికి ఒకటి, అంటే 96 మందికి 5. స్నానాలకు వేరే గదులు.

ఇక పని. సంకెన్ స్లాబులో (పైపుల కోసం బాత్‌రూము కింద లోతుగా దించి వేసే స్లాబు) నింపిన ఇటుక ముక్కలు ఏళ్ల తరబడి నీళ్లు తాగి ఉంటాయి, వాటిని పూర్తిగా ఎత్తి పోయాలి. పైపు స్లాబును దాటే రంధ్రాల చుట్టూ కుంచించుకుపోని గ్రౌట్ పోయాలి. గోడ, నేల కలిసే మూలను మోర్టారుతో గుండ్రంగా తిప్పాలి. వాటర్‌ప్రూఫ్ కోటింగ్ రెండు పొరలు, రెండోది మొదటిదానికి అడ్డంగా; గోడ మీదికి 300 ఎం.ఎం., షవరు దగ్గర 1800 ఎం.ఎం. దాకా. ఆరాక ట్రాప్ (నేల మీది నీళ్లు పైపులోకి దిగే గిన్నె) మూతి బిగించి 48 గంటలు నీళ్లు నిలబెట్టి, కింది అంతస్తు నుంచి సీలింగ్ చూడాలి. ఈ పరీక్ష అవకుండా టైల్ మేస్త్రీని లోపలికి రానివ్వకూడదు. నేల వాలు నహానీ ట్రాప్ వైపు 1:80, ట్రాప్‌లో 50 ఎం.ఎం. నీళ్లు నిలవాలి, లేకపోతే కంపు హాల్లోకి వస్తుంది.

అన్నిటికంటే ఎక్కువగా పాడుచేసేది టాయిలెట్ గోడకు బిగించే, చేత్తో పట్టుకునే కడ్డీలు. కోటింగ్, టైల్స్ అన్నీ అయ్యాక గుర్తొచ్చి డ్రిల్ పెడతారు, వాటర్‌ప్రూఫ్ పొర అక్కడే చిల్లుపడుతుంది. పైగా బోలు ఇటుక గోడకు వేసిన ప్లగ్ మనిషి బరువుకు ఊడొస్తుంది. కనీసం 115 కిలోల లాగుడు తట్టుకునేలా గోడలో ప్లేటు ముందే పెట్టించాలి. టాయిలెట్ తలుపు బయటికే తెరుచుకోవాలి. లోపల మనిషి పడిపోతే లోపలికి తెరిచే తలుపుకు ఆ మనిషే అడ్డం.

కొత్త_సున్నం:
ముందు బయటి గోడలకు మంచి పెయింట్ కొడితే చెమ్మ సగం తగ్గుతుందిగా? ఈలోపు జనానికి కూడా పని మొదలైందని తెలుస్తుంది.

పైపుల_లెక్క:
తగ్గదండీ. తడి లోపల కారే పైపుది. బయట పెయింట్ కొడితే ఆ తడి గోడలోనే చిక్కి బొబ్బలు కడుతుంది. పెయింట్ ఆఖరి పని. పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చు కాబట్టి పొడి సాండ్‌పేపర్ పెట్టొద్దు, తడిపి గీకించాలి.

టేపుకొలత:
బాత్‌రూముల వరుస ఒప్పుకున్నాను. హాళ్ల సంగతి? ఒక హాలు మూసి, ఆ 32 మందిని మిగతా రెండింట్లో సర్దితే సరిపోదా?

మెగ్గర్_500:
సరిపోదు. హాలుకు 48 మందైతే మనిషికి 2.5 చదరపు మీటర్లే. స్ఫియర్ కనీసం 3.5 అంటుంది, ఇప్పుడున్న 3.75 దానికి బొటాబొటి. గాలి లెక్కా చూడండి. ఎత్తు 3 మీటర్లైతే హాలు 360 ఘనపు మీటర్లు. గంటకు 5 సార్లు గాలి మారాలన్నది అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2023లో పెట్టిన లక్ష్యం, అంటే గంటకు 1800 ఘనపు మీటర్లు. ఎగ్జాస్ట్ ఫ్యాను డబ్బా మీద రాసే అంకె ఏ అడ్డూ లేనప్పటిది, ముందు జాలీ, వెనక లూవర్ పెడితే అంత గాలి రాదు. అది చాలక పక్క హాలు దుమ్ము రాకుండా మీరే కిటికీలు మూయిస్తారు.

కరెంటు విషయంలో విడతల పని ఇంకా ప్రమాదం. కాంట్రాక్టరు మనుషులు బ్రేకర్‌ను దగ్గర్లో ఉన్న పాత ప్లగ్గుకే పెడతారు. పనికి వేరే తాత్కాలిక బోర్డు, దానికి 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉండి తీరాలి. పాత సర్క్యూట్లను వైరు ఇన్సులేషన్ కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో చూసి, 1 మెగాఓమ్ కంటే తక్కువ వస్తే ఆ లైను కోసేయండి. కొత్త వైరింగ్‌లో ప్రతి మంచానికీ ఒక చార్జింగ్ పాయింట్, కుదిరితే లాకర్ లోపలే. ఇవ్వకపోతే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు ఇంకో ఎక్స్‌టెన్షన్ బోర్డు తగిలిస్తారు. తప్పు వాళ్లది కాదు.

దుమ్ముకు స్మోక్ డిటెక్టర్ ఊరికే మోగుతోందని ప్లాస్టిక్ కవరు తొడుగుతారు, సాయంత్రం తీయడం మరిచిపోతారు. కవరు తీశారా లేదా అన్నది రోజూ సంతకం పెట్టే రిజిస్టర్లో ఉండాలి. వెల్డింగ్ అయ్యాక కనీసం గంటసేపు ఒక మనిషి అక్కడే కాపలా ఉండాలి. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను: మెట్లు ఒకటే ఉన్న భవనంలో విడతల మాటే ఎత్తొద్దు. మొదటి రోజు నుంచే ఆ మెట్ల మీద సిమెంటు బస్తాలు చేరతాయి.

నల్లుల_మందు:
ఎవరూ అనలేదు కాబట్టి నేనంటాను. విడతల పని అంటే నల్లులకు ఉచిత రవాణా. పాత హాలు పరుపు, సంచి కొత్త హాల్లోకి వెళ్లిన రోజే అవీ వెళ్తాయి. తాళం పక్షం కూడా సంబరపడక్కర్లేదు. పెద్ద నల్లి రక్తం లేకుండా నెలల తరబడి బతుకుతుంది, ఖాళీ భవనంలో ఆకలికి చావదు.

వేడే మందు. 48 డిగ్రీల దగ్గర గుడ్లు చావడానికి గంట పైనే పడుతుంది, 55 దాటితే త్వరగా అయిపోతుంది. ఆ వేడి సంచి పైన కాదు, మధ్యలో ఉన్న బట్టకు తగలాలి. అందుకే కుక్కి నింపిన సంచి పనికిరాదు. హాలు మారే ముందు బట్టలన్నీ వేడి డ్రయ్యర్ గుండానే పోవాలి. గదిలో మందు రెండుసార్లు, మధ్యలో రెండు వారాల ఎడం, ఎందుకంటే మొదటిసారి బతికిన గుడ్లు ఈలోపు పిల్లలవుతాయి. చెక్క మంచాలు తీసేసి పౌడర్ కోటింగ్ ఇనుప మంచాలు వేయండి. స్కర్టింగ్ పగుళ్లు, కండ్యూట్ (వైర్లు నడిచే గొట్టం) బాక్సుల చుట్టూ సందులు సీలెంట్‌తో మూయండి. స్విచ్ బోర్డు వెనక చూడనివాడు నల్లుల పని చేయనట్టే.

స్లాబ్_మేస్త్రీ:
పైపుల వరుసతో నాకు పేచీ లేదు. స్లాబు సంగతి మాత్రం టెండరుకు ముందే తేలాలి. ప్రతి హాల్లో నాలుగైదు చోట్ల కాంక్రీటు కొట్టి, తాజాగా విరిగిన ముఖం మీద ఫినాల్ఫ్తలీన్ (క్షారం తగిలితే రంగు మారే ద్రవం) చల్లండి. గులాబీ రంగు వస్తే కడ్డీని కాపాడే క్షారం ఇంకా ఉంది. కడ్డీ లోతు దాకా రంగే రాకపోతే క్షారం పోయింది, పెచ్చులు ఇంకా ఊడని చోట కూడా తుప్పు దారిలోనే ఉంది. అప్పుడు అతుకులు వేస్తే అతుకు పక్కనే కొత్త తుప్పు. మూడు హాళ్లలోనూ అలాగే వస్తే నా మాట మారదు, ఖాళీ చేయించండి.

రాత్రి_కాపలా:
అలా వస్తే నేనూ అడ్డుపడను. కానీ తాళానికి ముందు బదులు మంచాలు సిద్ధంగా ఉన్నాయని రాతలో చూపించాలి. ఒక్క హాల్లోనే వస్తే 32 మంచాలకే బయట చోటు వెతికితే చాలు, 96కు కాదు. ఆ తేడా ఒక్క రోజు పరీక్షతో తెలుస్తుంటే అది చేయించకుండా టెండరు పిలవడం నాకు అర్థం కాదు.

టేపుకొలత:
మెట్లు రెండు ఉన్నాయనుకుంటున్నాను. ఆవరణలో టాయిలెట్లు ఎక్కడ పెడితే మేలు?

పైపుల_లెక్క:
ఉన్న డ్రైనేజీ చాంబరుకు ఎంత దగ్గరైతే అంత మంచిది, 100 ఎం.ఎం. పైపుకు 1:60 వాలు దొరకాలి. ఆడవాళ్ల తలుపులు వేరే వైపుకు, దారంతా లైటు, వీల్‌చెయిర్‌కు 1:12 ర్యాంపు. పని జరిగే హాలు వైపు కుళాయిలు వాడకుండా వదిలేస్తే పైపులో నిలిచిన నీళ్లలో న్యుమోనియా తెచ్చే లెజియోనెల్లా బాక్టీరియా పెరుగుతుంది, వారానికోసారి వాటిని తెరిచి వదిలే మనిషి పేరు కూడా పనుల చార్టులో వేయండి.