లైన్లో జనం ఉండగానే సెక్యూరిటీ డ్రిల్ పెట్టాలా?

కిటికీసీటు (చర్చ మొదలుపెట్టినవారు)

పోయిన వారం అమ్మతో కలిసి విమానం ఎక్కాల్సి వచ్చింది. అమ్మకు 71 ఏళ్లు. రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయింది, లోపల లోహపు కీళ్లున్నాయి. మెటల్ డిటెక్టర్ మోగుతుందని మాకు తెలుసు. మోగింది. పక్కకు పిలిచి చేతులు చాచి నిలబడమన్నారు. సరిగ్గా అప్పుడే ఎవరో "ఎవరూ కదలొద్దు, ఎక్కడివాళ్లక్కడే ఆగిపోండి" అని గట్టిగా అరిచారు. బెల్ట్ ఆగిపోయింది. సిబ్బంది పరుగెత్తుకెళ్లి దారులకు అడ్డంగా నిలబడ్డారు.

అమ్మ చాచిన చేతులు దించలేదు. దించొచ్చో లేదో ఆమెకు తెలియదు. నేను ఇవతల, ఆమె అవతల. మందులు, ఫోను ఉన్న ఆమె హ్యాండ్‌బ్యాగు ఎక్స్‌రే మెషీన్ లోపల. నాలుగైదు నిమిషాలు అలాగే గడిచాయి. ఏం జరిగిందో ఒక్కరూ చెప్పలేదు. తర్వాత ఎవరో "అయిపోయింది" అన్నారు, బెల్ట్ కదిలింది. అడిగితే "డ్రిల్ అండి, అంతే" అన్నారు. విమానంలో కూర్చున్నాక కూడా అమ్మ చేతులు వణుకుతూనే ఉన్నాయి.

అమెరికాలో టీఎస్ఏ (అక్కడి విమానాశ్రయాల్లో తనిఖీలు చేసే ప్రభుత్వ సంస్థ) చెక్‌పాయింట్లలో కూడా ఇలా జనాన్ని కదలకుండా ఆపే డ్రిల్ ఉంది, దాన్ని కోడ్ బ్రావో అంటారు. డ్రిల్ వద్దని నేను అనడం లేదు. ప్రయాణికులను అందులోకి లాగాలా, లాగితే వాళ్లకు ఏమీ చెప్పకుండా లాగాలా అన్నదే నా ప్రశ్న.

మాజీస్క్రీనర్

ముందుగా అమ్మగారికి జరిగినదానికి బాధగా ఉంది. చేతులు చాచి ఉన్న మనిషిని కూర్చోబెట్టాలని అక్కడున్న వాళ్లకు తోచి ఉండాల్సింది.

నేను ఆరేళ్లు ఎక్స్‌రే దగ్గర పనిచేశాను. అలా అందరినీ ఎందుకు ఆపుతారో చెబుతాను. తనిఖీ కాని మనిషి ఒక్కరు లోపలికి దూరితే, లోపల ఉన్న తనిఖీ అయిన వేలమందికీ తనిఖీ కానట్టే లెక్క. 2010 జనవరి 3న అమెరికాలోని నెవార్క్ విమానాశ్రయంలో ఇదే జరిగింది. కాపలా మనిషి చోటు వదిలి పక్కకెళ్లిన క్షణంలో ఒకతను బయటికి వచ్చే దారిలోంచి తాడు కింద దూరి లోపలికి వెళ్లాడు, వీడ్కోలు చెప్పడానికి. సంగతి ఆలస్యంగా తెలిసింది. టెర్మినల్ మొత్తం ఖాళీ చేయించి అందరినీ మళ్లీ తనిఖీ చేశారు. విమానాలు గంటల తరబడి ఆగిపోయాయి. మొదటి అర నిమిషంలో ఎక్కడివాళ్లను అక్కడ ఆపగలిగితే అదంతా తప్పుతుంది. ఖాళీ హాల్లో ఆ పని ఎన్నిసార్లు చేసినా రాదు. మూటలు, పిల్లలు, హడావుడిలో ఉన్న జనం, అందరూ ఉన్నప్పుడే మనకు చేతులు ఆడతాయో లేదో తెలుస్తుంది.

సగంనిద్ర

ప్రాణాల కంటే నాలుగు నిమిషాలు ఎక్కువా? ఓపిక పట్టాలి.

చేతిసంచి

ఓపిక పట్టమనడం తేలికే. ఎందుకు పట్టాలో ఫలితం చూపించి చెప్పమనండి. 2015లో అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ (అంతర్గత భద్రతా శాఖ) తనిఖీదారులు మారువేషాల్లో నకిలీ బాంబులు, ఆయుధాలు పట్టుకెళ్తే 70 ప్రయత్నాల్లో 67 సార్లు దాటిపోయారు. 2001 డిసెంబర్‌లో ఒకడు బూట్లలో పేలుడు పదార్థం పెట్టుకొచ్చాడు, ఆ దేశంలో 2025 జూలై దాకా జనం బూట్లు విప్పుతూనే ఉన్నారు. 2006 ఆగస్టులో బ్రిటన్‌లో ద్రవ పేలుడు పదార్థాల కుట్ర బయటపడింది, అప్పటి నుంచి 100 మి.లీ. సీసాల గొడవ. ఎప్పుడూ అయిపోయిన దాడి వెనకాలే పరుగు.

ఇంకో సంగతి. 2016 మార్చిలో బ్రసెల్స్ విమానాశ్రయంలో బాంబులు పేలింది చెక్‌పాయింట్ లోపల కాదు, బయట చెక్-ఇన్ హాల్లో, జనం గుమిగూడిన చోట. లైను పొడుగయ్యే కొద్దీ ఆ గుంపే గురి అవుతుంది. అలాంటి గుంపును డ్రిల్ కోసం ఇంకో ఐదు నిమిషాలు నిలబెట్టడం నాకు మింగుడు పడడం లేదు. అదే ఏడాది ఆగస్టులో న్యూయార్క్ జేఎఫ్‌కే విమానాశ్రయంలో కాల్పులు జరిగాయన్న పుకారుకే జనం బ్యాగులు వదిలేసి పరుగులు తీశారు. ఒక్క తూటా కూడా పేలలేదు. బెదిరి ఉన్న జనం మధ్య "ఆగు" అని అరిస్తే అందరూ ఆగుతారని ఏమిటి నమ్మకం?

మాజీస్క్రీనర్

చేతిసంచి గారూ, 70లో 67 అన్న లెక్క మీకెలా తెలిసింది? పరీక్ష పెట్టారు కాబట్టే. పరీక్షే లేకపోతే అంతా బాగుందనుకుని కూర్చునేవాళ్లం.

ఎందుకు తప్పిపోతాయో ఆ కుర్చీలో కూర్చున్న నాకు తెలుసు. రోజంతా ఛార్జర్లు, గొడుగులు, తాళాల గుత్తులు. తుపాకీ అన్నది నెలలు గడిచినా కనపడదు. ఎప్పుడూ కనపడనిదాన్ని కన్ను వెతకడం మానేస్తుంది. 2005లో నేచర్ అనే సైన్స్ పత్రికలో పరిశోధకుడు జెరెమీ వుల్ఫ్ బృందం ఇదే చూపించింది. వెతకాల్సిన వస్తువు సగం చిత్రాల్లో ఉన్నప్పుడు చూసేవాళ్లు 7 శాతమే వదిలేశారు. నూటికి ఒక్క చిత్రంలోనే ఉన్నప్పుడు 30 శాతం వదిలేశారు. బద్ధకం కాదండి, కన్ను తీరే అంత. అందుకే యూరప్ నిబంధనల్లో ఒకరు సాధారణంగా ఏకబిగిన 20 నిమిషాలకు మించి తెర చూడకూడదని ఉంది.

మా మెషీన్లలో దీనికి ఒక ఏర్పాటు ఉండేది. అసలు బ్యాగు చిత్రం మీదే కంప్యూటర్ అప్పుడప్పుడూ ఒక కత్తి చిత్రమో తుపాకీ చిత్రమో కలిపి చూపిస్తుంది. మనం పట్టుకుని బటన్ నొక్కితే ఇది పరీక్ష అని తెర మీద వస్తుంది. నొక్కకపోతే వదిలేశామని నమోదవుతుంది. మొదటి నెలలో నేను ఒక కత్తిని వదిలేశాను. పెద్ద గొడుగు పిడి పక్కన నిలువుగా ఉంది, ఇప్పటికీ కళ్లముందు కనిపిస్తుంది. ఆ రోజు నుంచి గొడుగు కనపడితే రెండోసారి చూసేవాణ్ణి.

కిటికీసీటు

మీరు చెప్పిన ఈ పద్ధతి నాకు బాగా నచ్చింది. బ్యాగు గలవాళ్లకు ఇబ్బందే లేదు. నేర్చుకునేది మీరు, భయపడేది ఎవరూ లేరు. డ్రిల్ అంటే అలా ఉండాలి.

సగంనిద్ర గారూ, నా బాధ నాలుగు నిమిషాల గురించి కాదు. ఆ నాలుగు నిమిషాల్లో ఒక్కరూ నోరు మెదపలేదు, అదీ నా బాధ. అయ్యాక కూడా అడిగితే గానీ చెప్పలేదు.

చేతిసంచి

ప్రయాణికులను తెలియకుండా వాడుకుంటే ఎక్కడిదాకా పోతుందో చూడండి. 2010 జనవరిలో స్లొవేకియాలో పోప్రాడ్ విమానాశ్రయంలో, పోలీసు కుక్కల పరీక్ష కోసం ఒక ప్రయాణికుడి లగేజీలో సుమారు 90 గ్రాముల ఆర్‌డీఎక్స్ పెట్టి, తీయకుండా వదిలేశారు. అతను దాంతోనే డబ్లిన్‌లో దిగి ఇంటికెళ్లిపోయాడు. కొన్ని రోజుల తర్వాత ఐర్లండ్ పోలీసులు వచ్చి ఇంటి చుట్టుపక్కల ఖాళీ చేయించి అతన్ని పట్టుకెళ్లారు. ఏ పాపం ఎరగని మనిషి. తర్వాత వదిలేశారనుకోండి. 2004 డిసెంబర్‌లో పారిస్‌లో కూడా ఇలాగే కుక్కల శిక్షణ కోసం ఎవరిదో బ్యాగులో పేలుడు పదార్థం పెట్టారు. ఆ బ్యాగు ఎటు పోయిందో పట్టుకోలేకపోయారు.

మాజీస్క్రీనర్

ఇది ముమ్మాటికీ తప్పు. దీన్ని నేను సమర్థించను. పరీక్ష బ్యాగు పరీక్ష పెట్టేవాళ్లదే అయి ఉండాలి, మోసేవాళ్లూ వాళ్లే కావాలి. అదొక గీత, దాటకూడదు.

జనాన్ని ఆపే డ్రిల్ మాత్రం వేరు. అది ముందే చెబితే పనికిరాదని ఇప్పటికీ నా మాట. మీరు కాదంటారని తెలుసు.

చూపుతోవింటా

ఇన్ని పోస్టులు చదివాను, నా సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. నాకు వినపడదు. స్కానర్‌లో పెట్టే ముందు వినికిడి మెషీన్ తీసి ట్రేలో పెట్టేశాననుకోండి, మొత్తం నిశ్శబ్దం. రెండేళ్ల కిందట ఇలాంటి డ్రిల్‌లోనే చుట్టూ అందరూ ఆగిపోయారు. నేను తల వంచి బెల్టు పెట్టుకుంటూ నా ట్రే వైపు నడుస్తున్నాను. వెనక నుంచి ఒక చెయ్యి నా భుజం పట్టుకుని లాగింది. పడబోయాను. తిరిగి చూస్తే ఆ అధికారి పెదాలు గబగబా కదులుతున్నాయి, ముఖం ఎర్రబడింది. నేను చెవి చూపిస్తే ఆయన చెయ్యి వదిలేసి అలా నిలబడిపోయాడు. పాపం, ఆయనకూ ఏం చేయాలో ఎవరూ నేర్పలేదు.

అరిచే బదులు, లేదా అరుపుతో పాటు, ప్రతి లైను మీదా ఒక ఎర్ర దీపం వెలగొచ్చు కదా. నిజంగా ఎవడో దూరిన రోజు కూడా నాకు ఆ అరుపు వినపడదు.

మాజీస్క్రీనర్

ఆరేళ్లలో మా డ్రిల్ రిపోర్టుల్లో ఈ మాట ఒక్కసారి కూడా రాయలేదు. ఎంతసేపట్లో దారులు మూశాం, ఎవరు ఎక్కడ నిలబడ్డారు, అవే రాసేవాళ్లం. ఆగని మనిషి ఎందుకు ఆగలేదని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ముందే చెప్పకూడదన్న నా మాట అలాగే ఉంది. కానీ అరిచిన అర నిమిషం తర్వాత "ఇది డ్రిల్, ఎవరికీ ప్రమాదం లేదు, ఉన్నచోటే కూర్చోవచ్చు" అని ఎవరైనా చెప్పినా, బోర్డు మీద చూపించినా డ్రిల్‌కు వచ్చే నష్టం ఏమీ లేదు. అప్పటికే దారులు మూసేసి ఉంటారు. కిటికీసీటు గారు మొదటి నుంచీ అడిగింది ఇదే, నేనే దాటేసుకుంటూ వచ్చాను.

కిటికీసీటు

థాంక్సండి. వచ్చే నెల మళ్లీ ప్రయాణం ఉంది, అమ్మ రానంటోంది. ఈసారి ఏం చేస్తే బాగుంటుంది?

మాజీస్క్రీనర్

మెటల్ డిటెక్టర్ దాటకముందే మోకాళ్ల సంగతి చెప్పేయండి, మోగాక కాదు. కుర్చీలో కూర్చోబెట్టి చూడమని, కావాలంటే విడిగా గదిలో మహిళా సిబ్బందితో చూడమని అడగొచ్చు. హ్యాండ్‌బ్యాగు ఆవిడ కంటే ముందు పంపకండి. ఆవిడను పిలిచినప్పుడే ట్రే బెల్ట్ మీదకు తోయండి. మందుల చీటీ మాత్రం ఆవిడ చేతిలోనే ఉంచండి.

కిటికీసీటు

ఇదంతా అమ్మకు చదివి వినిపించాను. ఆ వినపడని అబ్బాయికి భుజం నొప్పి తగ్గిందా అని అడగమంది.