మాంటిక్లోస్ కంచు విగ్రహం: అపోలోనా, యోధుడా?

ప్రశ్న: గ్రీసులోని థీబ్స్‌లో దొరికి, ఇప్పుడు బోస్టన్ మ్యూజియంలో ఉన్న సుమారు 20 సెంటీమీటర్ల కంచు విగ్రహాన్ని కొందరు గ్రీకు దేవుడైన అపోలో అని, మరికొందరు యోధుడని అంటున్నారు. క్రీ.పూ. 7వ శతాబ్దపు తొలినాళ్లదైన ఈ మొక్కుబడి విగ్రహం దేవుడిదేననడానికి ఆధారం ఏమిటో దయచేసి వివరించగలరా?

జవాబు 1: తొడల మీద చెక్కిన పద్యమే ప్రధాన ఆధారమండీ. మాంటిక్లోస్ అనే భక్తుడు రాబడిలో దేవుడికిచ్చే పదో వంతు కింద విగ్రహమైన తనను వెండి విల్లు ధరించిన దేవుడికి సమర్పించాడనీ, బదులుగా ఫీబస్ (అపోలోకే మరో పేరు) మంచిదేదైనా ప్రసాదించాలనీ విగ్రహమే పలుకుతున్నట్లు అందులో ఉంది. ఇంత చనువుగా వరం అడగడం నన్ను ఎంతగానో కదిలిస్తుంది.

జవాబు 2: ఆ పద్యం విగ్రహాన్ని ఎవరికి సమర్పించారో చెబుతుందే గాని, అది ఎవరి రూపమో చెప్పదు. ఎడమ చేతిలోని రంధ్రం ఏదో వస్తువును పట్టుకోవడానికే ఉన్నా, ఆ వస్తువు పోయింది. అది విల్లయితే అపోలో, ఈటె అయితే యోధుడు. నుదుటి మీది రంధ్రాన్ని బట్టి శిరస్త్రాణం ఉండేదని ఊహించేవారూ ఉన్నారు.

జవాబు 3: మీ అభ్యంతరం సబబే. అయినా, పద్యంలో ప్రత్యేకంగా వెండి విల్లును పేర్కొన్నందున, ఆ చేతిలో ఉన్నది విల్లేనని నేను భావిస్తున్నాను.