జైళ్లు ప్రైవేటు కంపెనీలకి ఇస్తే లాభమా నష్టమా?

నీటిచుక్క: డిబేట్‌లో నాకు ప్రైవేటు జైళ్ల వైపు మాట్లాడమని వచ్చింది. ఖర్చు తగ్గుతుంది, కొత్త జైళ్లు తొందరగా లేస్తాయి, కిక్కిరిసిపోవడం తగ్గుతుంది, ఎక్కడ చూసినా ఈ మూడే రాస్తున్నారు. చదివేకొద్దీ నాకే నమ్మకం పోతోంది. నిజంగా బాగా నడిచిన చోటు ఉందా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి ప్లీజ్, రెండు వైపులా చెప్పినా పర్లేదు.

పాతచెట్టు: ముందు కంపెనీకి డబ్బులు ఎలా ఇస్తారో చూడండి, అసలు సంగతంతా అక్కడే ఉంది. అమెరికాలో చాలా కాంట్రాక్టులు ఖైదీ తలకి రోజుకి ఇంత అని. మనిషి లోపలున్నన్నాళ్లూ బిల్లు నడుస్తుంది, మారి బయటకెళ్లిపోతే కంపెనీకి ఒక బెడ్ ఖాళీ. కొన్నిట్లో 90 శాతం బెడ్లు నిండకపోతే ఆ ఖాళీవాటికి కూడా గవర్నమెంటే కట్టాలని రాసుకున్నారు, అరిజోనాలో అయితే 100 శాతం రాసుకున్నవి కూడా ఉన్నాయి, అంటే నేరాలు తగ్గినా జనం డబ్బు పోతూనే ఉంటుంది. ఇక జైలు ఖర్చులో పెద్ద వాటా జీతాలే కదా, మిగుల్చుకోవాలంటే గార్డుల మీదే పడతారు. అమెరికాలోనే ఐడహో రాష్ట్రంలో కంపెనీ నడిపిన జైలులో గార్డు లేని పోస్టుకి గార్డు ఉన్నట్టు హాజరు రాసేశారు, దాదాపు 4,800 గంటలు, 2013లో కంపెనీనే ఒప్పుకుంది. ఆ ఖాళీ పోస్టంటే ఏంటంటే రాత్రిపూట ఒకణ్ణి నలుగురు పట్టుకుని కొడుతుంటే ఎంత అరిచినా వచ్చేవాడు లేడని. ఖైదీల కొట్లాటల వల్ల ఆ జైలుకి గ్లాడియేటర్ స్కూల్ అని పేరు కూడా పడింది. 2014లో రాష్ట్రం వెనక్కి తీసేసుకుంది.

వానచినుకు: పాతచెట్టు గారూ, మీరు చెప్పింది కరెక్టే కానీ గవర్నమెంట్ జైళ్లు మాత్రం ఏం బాగున్నాయి? అమెరికా ఖైదీల్లో ప్రైవేటు జైళ్లలో ఉన్నది దాదాపు 8 శాతమే, మిగతావాళ్ల కష్టాలకి కంపెనీల్ని తిట్టి ఏం లాభం. నీటిచుక్క గారూ, మీరు న్యూజిలాండ్ పట్టుకోండి. ఆక్లాండ్ దక్షిణాన సెర్కో అనే ప్రైవేటు కంపెనీ నడిపే జైలు కాంట్రాక్టులో, విడుదలైనవాళ్లు మళ్లీ నేరాలు చేయడం గవర్నమెంట్ జైళ్ల కంటే తగ్గితే బోనస్ అని పెట్టారు. లాభం ఎటుంటే కంపెనీ అటే వెళ్తుంది, దాన్ని మంచివైపు తిప్పొచ్చు అనేదే మీ బలమైన పాయింట్.

పాతచెట్టు: అదే సెర్కో అదే ఆక్లాండ్‌లో మౌంట్ ఈడెన్ జైలు కూడా నడిపిందండీ. ఖైదీలు ఒకళ్లతో ఒకళ్లు కొట్టుకుంటున్న ఫోన్ వీడియోలు 2015లో బయటికొచ్చాక ఆ జైలుని గవర్నమెంట్ తన చేతుల్లోకి తీసుకోవాల్సి వచ్చింది. అవతలి టీమ్ ఇది తప్పకుండా అడుగుతుంది.

మట్టివాసన: బ్రిటన్‌లో బర్మింగ్‌హామ్ జైలు సంగతి కూడా చదవండి. 2011లో జీఫోర్‌ఎస్ అనే ప్రైవేటు కంపెనీకి ఇచ్చారు, 2016లో పెద్ద గొడవలయ్యాయి, 2018లో ఇన్‌స్పెక్టర్లు వెళ్తే నేల మీద రక్తం, వాంతులు, ఎలుకలు, సిబ్బందిలో కొంతమంది భయపడి ఆఫీసు గదుల్లో తాళం వేసుకుని కూర్చున్నారట. గవర్నమెంట్ మళ్లీ తీసుకుంది. వీటన్నిటికంటే నన్ను కదిలించింది ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు 2009 తీర్పు. బాగా నడుస్తుందా లేదా అని చూడలేదు వాళ్లు, లాభం కోసం పనిచేసే కంపెనీ చేతికి మనిషి స్వేచ్ఛని అప్పగించడమే అతని గౌరవానికి దెబ్బ అని ప్రైవేటు జైలుకి వీలిచ్చిన చట్టాన్నే కొట్టేశారు. నాకూ అదే అనిపిస్తుంది. వంటో క్లీనింగో బయటికివ్వండి ఫర్వాలేదు, ఖైదీని ఒంటరి సెల్‌లో వేయాలా, తప్పు చేశాడని రిపోర్ట్ రాసి అతని విడుదల వెనక్కి జరపాలా అనేది రోజుకి ఇంత అని బిల్లు వేసేవాడు చెప్పకూడదు.

నీటిచుక్క: చాలా థ్యాంక్స్ అండి అందరికీ. ఆ బోనస్ పాయింట్‌తోనే మొదలుపెడతాను, మౌంట్ ఈడెన్ గురించి వాళ్లు అడిగేలోపే నేనే చెప్పేస్తాను. మట్టివాసన గారు చెప్పినదానికి మాత్రం నా దగ్గర ఇంకా జవాబు లేదు.