బోమెన్, చెఖి: ఒకే ప్రాంతానికి రెండు పేర్లా?

స్టాంపుపిచ్చి:
చెక్ ప్రాంతం జర్మన్ల ఆక్రమణలో ఉన్నప్పుడు 1939లో వచ్చిన స్టాంపొకటి నా దగ్గరుంది. లిండెన్ ఆకుల బొమ్మ. దాని మీద జర్మన్‌లో ‘బోమెన్ ఉంట్ మేరెన్’ అనీ, చెక్ భాషలో ‘చెఖి ఆ మొరవా’ అనీ ఉంది. మేరెన్, మొరవా ఒకటేనని చూస్తేనే తెలుస్తోంది. మరి బోమెన్‌కీ చెఖికీ పోలికేది? పైగా ఇంగ్లిష్‌లో చెక్ అని రాసేటప్పుడు మొదట్లో ఆ ‘సీజెడ్’ ఏంటండీ?

పాతపటం:
బోమెన్ అంటే బొహీమియానే, ఇప్పటి చెక్ దేశంలో పశ్చిమ భాగం. మేరెన్ అంటే తూర్పున ఉన్న మొరేవియా. ‘బోయీ’ అనే కెల్టిక్ తెగ ఉండేది, వాళ్ల నివాసం అని అర్థం. చెక్‌ల పూర్వీకులైన స్లావులు వచ్చేది ఆ తర్వాత ఎన్నో వందల ఏళ్లకి. మనుషులు మారిపోయినా పొరుగువాళ్లు పాత పేరే వాడుతూ పోయారు. వచ్చినవాళ్లు మాత్రం తమను తాము చెఖ్ అనుకున్నారు.

బ్ర్నోవాసి:
పైవారు చెప్పింది కరెక్టే. చెఖ్ అనే మూలపురుషుడు తన జనంతో ర్షీప్ కొండెక్కి, ఇక్కడే ఉందాం అన్నాడని కథ. 12వ శతాబ్దంలో లాటిన్‌లో చరిత్ర రాసిన కోస్మాస్ అతణ్ని ‘బొహేముస్’ అన్నాడు. 14వ శతాబ్దపు దలిమిల్ చరిత్రలో అతని పేరు చెఖ్, అదీ ఒక హత్య చేసి దేశం విడిచొచ్చినవాడు! నాకైతే ఈ కథే ఇష్టం. భాషావేత్తలు ఎక్కువమంది చెప్పేది వేరు: ‘మనవాళ్లు, మన జనం’ అనే అర్థమున్న పాత స్లావిక్ ధాతువు నుంచి వచ్చిందని.

‘సీజెడ్’ పోలిష్ రాత. ఇక్కడ చెక్ భాషలో సి మీద చిన్న కొక్కెం పెడతారు, దాన్ని హాచెక్ అంటారు. ‘చెఖ్’లో చివరిది ‘క్’ కాదు, గొంతులోంచి గరగరగా వచ్చే ‘ఖ్’. ‘సీహెచ్’ అని రాసే అది ఇక్కడ విడి అక్షరం, డిక్షనరీలో హెచ్ తర్వాత వెతుక్కోవాలి. కొత్తలో నాకు చిరాకేసేది.

ఇంకో తిరకాసు. ‘చెస్కీ’ (చెక్) అనే మాట దేశం మొత్తానికీ వర్తిస్తుంది, ఒక్క బొహీమియాకీ వర్తిస్తుంది. అందుకే మా ఆఫీసులో ఒకాయన్ని చెఖ్ అంటే, ‘కాదు, మొరవాన్‌ని’ అని వెంటనే సరిచేస్తాడు.

స్టాంపుపిచ్చి:
అయితే ఆల్బమ్‌లో ఆ పేజీకి ఏం రాయను?

బ్ర్నోవాసి:
బొహీమియా-మొరేవియా అనే రాయండి. చెక్ రిపబ్లిక్ 1993 జనవరి 1న పుట్టింది, ఆ తర్వాతి స్టాంపులకి వేరే పేజీ పెట్టుకోండి. మధ్యలో చెకోస్లోవేకియావి బోలెడుంటాయి, చోటు వదలండి.