కర్ణాటక మలెనాడు అడవుల్లో పిడుదుల కాటు నుంచి తప్పించుకోవడం ఎలా?

ప్రశ్న (నల్గొండ నుంచి):
ఉద్యోగరీత్యా వచ్చే జనవరిలో కుటుంబంతో శివమొగ్గ జిల్లా తీర్థహళ్ళికి వెళ్తున్నాను. అద్దె ఇల్లు వక్కతోటను ఆనుకుని ఉంది, తోట దాటితే అడవి. అక్కడ పిడుదుల వల్ల కోతి జ్వరం వస్తుందని విన్నాను. గేదెల చెవుల్లో ఆముదపు గింజలంత పిడుదులను చూస్తూ పెరిగినవాణ్ణి కనుక, అంతటిది ఒంటి మీదికి ఎక్కితే తెలియకుండా ఉంటుందా అన్నది నా సందేహం.

జవాబు (పశువైద్యుడు):
మీరు చూసినవి రక్తం తాగి ఉబ్బిన పెద్ద పిడుదులండీ. కోతి జ్వరాన్ని, అంటే క్యాసనూరు అటవీ వ్యాధిని, మనుషులకు ముఖ్యంగా అంటించేది హీమాఫైసాలిస్ స్పైనిజెరా జాతి పిల్ల పిడుదు. అది ఇంచుమించు గసగసాలంతే ఉంటుంది, కుట్టినా నొప్పి తెలియదు. డిసెంబరు నుంచి మే దాకా, అంటే సరిగ్గా మీరు వెళ్ళే కాలంలోనే, వీటి బెడద ఎక్కువ. 1957లో సొరబ తాలూకా క్యాసనూరు అడవిలో కోతులు చచ్చిపడుతుండగా ఈ వ్యాధి బయటపడింది. కోతి చనిపోతే దాని ఒంటి మీది పిడుదులు కళేబరాన్ని వదిలి చుట్టూ నేల మీదికి దిగి మరో ప్రాణి కోసం కాచుకుంటాయి కాబట్టి, చచ్చిన కోతి కనిపిస్తే దగ్గరికి వెళ్ళకుండా, పిల్లలను వెళ్ళనివ్వకుండా, వెంటనే ఆరోగ్య కార్యకర్తకు చెప్పండి.

జవాబు (శివమొగ్గ జిల్లా సాగర పట్టణ నివాసి):
ఇక్కడివారు దీన్ని ‘మంగన కాయిలె’ అంటారు. కొట్టంలో పరచడానికి అడవి నుంచి ఎండుటాకులు తెచ్చుకోవడం ఇక్కడి అలవాటు, ప్రమాదమంతా అందులోనే ఉంది. ఒకసారి ఆకులు పోగుచేసి వచ్చాక నా తెల్ల మేజోడు మీద మిరియాల పొడి చల్లినట్టు కనిపించింది, తేరిపార చూస్తే ఆ నలుసులు పైకి పాకుతున్నాయి. అప్పటినుంచి లేత రంగు ప్యాంటు అంచులను మేజోళ్ళలోకి దోపి, పిడుదులు దగ్గరికి రాకుండా ప్రభుత్వం పంచే డీఈపీఏ నూనెను కాళ్ళకూ చేతులకూ పట్టించి గానీ తోట దాటను. ఇంటికి రాగానే బట్టలు మరిగే నీళ్ళలో వేసి, సబ్బుతో స్నానం చేసి, చెవుల వెనుక, చంకల్లో, నడుము పట్టీ దగ్గర వెతుక్కుంటాను. పిల్లలకు తల వెంట్రుకలు కూడా పాయలు తీసి చూడాలి.

ప్రశ్నించినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అంటుకున్నదాని మీద కిరోసిన్ పోయవచ్చా?

జవాబు (పశువైద్యుడు):
వద్దండీ. సన్నని మొనల పట్టకారుతో చర్మానికి వీలైనంత దగ్గరగా పట్టి, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగండి, వేళ్ళతో నలపకండి. ఆ తేదీ రాసిపెట్టుకోండి. సాధారణంగా 3 నుంచి 8 రోజుల్లో హఠాత్తుగా జ్వరం, తీవ్రమైన తలనొప్పి, ఒళ్ళునొప్పులు మొదలవుతాయి. దీనికి ప్రత్యేకమైన మందు లేదు, ఇదివరకటి టీకాను కూడా 2022లో నిలిపివేశారు. జ్వరం వస్తే ఇంట్లో ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళి, పిడుదు కుట్టిన సంగతినే వైద్యుడికి మొట్టమొదట చెప్పండి.